మూడో టేకులో పుట్టిన వరస

మూడోసారి పాడుతున్నప్పుడు వచ్చింది ఆ వరస. మొదటి రెండుసార్లూ లేదు. సాధన చేసుకున్నప్పుడూ లేదు. 1939లో, జొహానెస్‌బర్గ్‌లో, గాలో కంపెనీ రికార్డింగ్ గదిలో ఆరుగురు జూలూ గాయకులు మైకు ముందు నిలబడ్డారు. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా మొత్తానికి అప్పుడున్న స్టూడియో అదొక్కటే. మొదటి టేకు కుదరలేదు. రెండోదీ అంతే. కంపెనీ తరఫున గాయకుల్ని వెతికి తెచ్చే గ్రిఫిత్స్ మొత్సియెలోవా అప్పటికప్పుడు పియానో, గిటారు, బాంజో వాయించేవాళ్ళను తోడిచ్చి మళ్ళీ పాడమన్నాడు.

కింద మంద్రస్థాయిలో కొన్ని గొంతులు ఒకే మాటను తిరగలి తిప్పినట్టు తిప్పుతుంటాయి. వాటిమీద మధ్యస్థాయిలో మరో రెండు గొంతులు. అందరికన్నా పైన సాలమన్ లిండా. మన సంగీతం మేష్టర్లు దొంగగొంతు అంటారే, ఆ సన్నటి గొంతుతో ఆలపిస్తుంటాడు, మధ్యమధ్యలో కేక వేస్తుంటాడు. రికార్డు ప్లేటు ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాలే. పాట చివరికొచ్చేసింది. సరిగ్గా అప్పుడు, ఎవరూ అనుకోకుండా, పదిహేను స్వరాల చిన్న వరస ఒకటి లిండా నోట వచ్చింది. నెమ్మదిగా పైకెక్కి, అక్కడ కాస్త ఊగి, మళ్ళీ కిందికి దిగిపోతుంది. తర్వాత పాట ఆగిపోతుంది.

ఎనభై ఏళ్ళకు పైగా ప్రపంచం పాడుకుంటున్నది ఆ వరసనే.

మా మేనకోడలికి ఈ రికార్డు ఒకసారి వినిపించాను. తొమ్మిదేళ్ళ పిల్ల. 2019లో వచ్చిన "లయన్ కింగ్" తెలుగులో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. టిమోన్‌కి అలీ, పుంబాకి బ్రహ్మానందం గొంతులిచ్చిన సినిమా అది. ఏమీ చెప్పకుండా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి 1939 నాటి పాట పెట్టాను. గరగరమనే సూది చప్పుడు, బరువైన గొంతులు, తెలియని భాష. మామయ్య పెట్టాడు కదా అని కాళ్ళూపుకుంటూ కూర్చుంది. రెండు నిమిషాలు దాటాయి. ఉన్నట్టుండి కాళ్ళూపడం ఆపేసింది. "మామయ్యా, ఇది పుంబా వాళ్ళ పాట కదూ!" అంది, హెడ్‌ఫోన్లు ఉన్నాయని మర్చిపోయి గట్టిగా అరుస్తూ. అంతసేపూ అది ఆ పిల్లకు ఎవరిదో పాట. ఆ పదిహేను స్వరాలు చెవిన పడ్డాకే తన పాటయింది.

లిండా 1909లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో, పొమెరాయ్ దగ్గర పుట్టాడు. నేటాల్ మనకు తెలియని పేరు కాదు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ మునిమనుమలు ఇవాళ్టికీ డర్బన్ చుట్టుపక్కల ఉన్నారు. లిండాది తీరానికి దూరంగా, పశువులు కాసుకుని బతికే జూలూ పల్లెల సీమ. మిషన్ బడిలో నాలుగు ముక్కలు చదువుకున్నాడు. దూడల మీదికి వచ్చే సింహాన్ని తరమడం అక్కడి పిల్లల పనుల్లో ఒకటి. ఆ జ్ఞాపకంలోంచి వచ్చిన పాట ఇది. పేరు "ఎంబూబె". జూలూలో సింహమని అర్థం.

1931లో పొట్ట చేతపట్టుకుని జొహానెస్‌బర్గ్ వచ్చాడు. బంగారు గనుల నగరం. ఊళ్ళు వదిలి వచ్చిన వేలమంది జూలూ యువకులు హాస్టళ్ళలో ఉంటూ, వారమంతా పనిచేసి, శనివారం రాత్రి పాటల పోటీలు పెట్టుకునేవాళ్ళు. తెల్లవార్లూ పాడేవాళ్ళు. లిండా జట్టు పేరు ఈవెనింగ్ బర్డ్స్. చారల సూట్లు, తలమీద టోపీలు, మెరిసే బూట్లు, అందరివీ ఒకేలా. పాటలోనూ లిండా ఒక మార్పు తెచ్చాడు. మిగతా జట్లలో మంద్రానికి ఒక్క గొంతే ఉండేది. అతను ఇద్దరు ముగ్గుర్ని పెట్టాడు. కింద నేల గట్టిపడితే పైన ఒక్క గొంతు ఎంత స్వేచ్ఛగా తిరగగలదో అతనికి తెలుసు. మూడో టేకులో వచ్చిన ఆ వరస గాల్లోంచి ఊడిపడింది కాదని నేననుకుంటాను. దాన్ని ముందుగా కట్టుకోని మాట నిజమే. కానీ అది వచ్చి వాలడానికి చోటు ఏళ్ళ తరబడి తయారు చేసుకున్నవాడు అతనే.

అప్పటికి లిండా ఉద్యోగం గాలో కంపెనీలోనే, రికార్డులు ప్యాక్ చేసే పని. "ఎంబూబె" 1940లు ముగిసేలోగా లక్ష ప్రతులు పోయింది. దక్షిణాఫ్రికాలో ఆ తరహా బృందగానానికే ఎంబూబె అన్న పేరు స్థిరపడింది. ఒక పాట పేరు ఒక సంప్రదాయానికి పేరు కావడం ఎక్కడో గానీ జరగదు. తర్వాతి కాలంలో లేడీస్మిత్ బ్లాక్ మంబాజో బృందం లోకమంతా తిరిగి పాడింది ఆ చెట్టు కొమ్మనుంచే. లిండాకు ముట్టింది పది షిల్లింగులు. పాట మీది హక్కులు కంపెనీకి పోయాయి.

1949 ప్రాంతంలో న్యూయార్క్‌లో అలన్ లోమాక్స్ ఆఫ్రికా రికార్డులు కొన్ని పీట్ సీగర్ చేతికిచ్చాడు. లోమాక్స్ ఊరూరా తిరిగి జానపద గీతాలు సేకరించినవాడు. సీగర్ బాంజో వాయిస్తూ జనంతో పాడించే గాయకుడు. ఆ ప్లేట్లలో "ఎంబూబె" ఉంది. సీగర్ దాన్ని పదేపదే వేసుకుని, వింటూ కాగితం మీదికి ఎక్కించాడు. స్వరాలు సరిగానే పట్టాడు. మాట దగ్గర చెవి తప్పింది. మంద్ర గొంతులు తిప్పుతున్న మాట "ఉయింబూబె", నువ్వు సింహానివని. మెల్లగా అంటే ఏ అక్షరానికా అక్షరం తెలుస్తుంది. నలుగురు కలిసి, ఊపుమీద, అరిగిన ప్లేటు మీంచి అంటే "యింబూబె"లోని "బ"లు పెదవుల మధ్యే కరిగిపోతాయి. మీరే వేగంగా ఓ పదిసార్లు అనుకుని చూడండి. సీగర్‌కి వినిపించింది "విమొవె". అలాగే రాసుకున్నాడు. అర్థం లేని ఆ మాటే పాటకు పేరయింది.

పొరపాటున పుట్టిన ఆ మాట మీద నాకు కోపం లేదు. పాటలు ఒక భాషలోంచి మరో భాషలోకి వెళ్ళేటప్పుడు మొదట జారిపోయేది మాటే. కోపం వచ్చేది దాని పక్కన జరిగిన రెండో పొరపాటు మీద. సీగర్, లీ హేస్, రానీ గిల్బర్ట్, ఫ్రెడ్ హెల్లర్‌మన్ కలిసి పాడే వీవర్స్ బృందం 1951లో దీన్ని రికార్డు చేసింది. గార్డన్ జెంకిన్స్ వాద్యబృందం బాకాల హోరుతో తోడొచ్చింది. 1952 మొదట్లో పాట అమెరికా అంతటా మోగింది. రాసినవారి పేరుండాల్సిన చోట "పాల్ క్యాంప్‌బెల్" అని ఉంది. అలాంటి మనిషి లేడు. జానపద గీతాల మీద వచ్చే డబ్బు తీసుకోవడానికి వీవర్స్ వాడుకున్న మారుపేరు అది. ఆఫ్రికా నుంచి వచ్చింది కాబట్టి తరతరాలుగా ఊళ్ళో పాడుకునేదై ఉంటుందని అనుకున్నారు. మన దగ్గరా ఎవరో కూర్చుని కట్టిన పాటకు "జానపదం" అని ఒక్క మాట తగిలించి, కట్టినవాళ్ళ ఊరూ పేరూ అడగకుండా వాడేసుకోవడం చూస్తూనే ఉన్నాం. ఆ మాట గౌరవంగా వినిపిస్తుంది. మనిషిని మాత్రం చెరిపేస్తుంది.

సీగర్ మంచివాడు. అసలు కర్త ఉన్నాడని తెలిశాక వెయ్యి డాలర్ల చెక్కు పంపించాడు, పాట మీద తనకు వచ్చే వాటా కూడా లిండాకే పంపమని ప్రచురణకర్తలకు చెప్పాడు. ఆ డబ్బు సవ్యంగా చేరిందో లేదో తను పట్టించుకోలేకపోయానని పెద్ద వయసులో బాధపడ్డాడు. వీవర్స్‌కు అప్పట్లో వాళ్ళ కష్టాలు వాళ్ళకున్నాయి. పాట పైకెక్కుతున్న రోజుల్లోనే వాళ్ళు కమ్యూనిస్టులని ఒకడు సాక్ష్యం చెప్పాడు. రేడియోలు, క్లబ్బులు తలుపులు మూసేశాయి. 1955లో కార్నెగీ హాల్‌లో మళ్ళీ కలిసి పాడారు. ఆ కచేరీ రికార్డులో సీగర్ పైస్థాయిలో లిండా వరసను అందుకుంటుంటే సభ ఊగిపోవడం వినిపిస్తుంది.

బ్రూక్లిన్ కుర్రాడు జే సీగల్ ఈ పాట నేర్చుకున్నది వీవర్స్ రికార్డు వినే. అతని జట్టు టోకెన్స్. ఆర్‌సీఏ కంపెనీలో హ్యూగో పెరెటి, లూయీజీ క్రియేటోర్ అనే నిర్మాతల ముందు "విమొవె" పాడి వినిపించారు. బాణీ బాగుంది, మాటలు కావాలన్నారు వాళ్ళు. జార్జ్ డేవిడ్ వైస్ అనే రచయిత కూర్చుని ఇంగ్లీషు మాటలు రాశాడు. పాట అసలు మలుపు తిరిగింది ఇక్కడే. లిండా రికార్డులో ఆ పదిహేను స్వరాలు పాట కొసన మెరిసి మాయమయ్యేవి. వైస్ వాటిని తెచ్చి ముందు కూర్చోబెట్టాడు. చరణం మొత్తాన్ని వాటిమీదే కట్టాడు. కొసలో ఉన్నది మొదలైంది, మొదట్లో ఉన్న "విమొవె" వెనక నడిచే వంతపాటయింది. పేరు "ద లయన్ స్లీప్స్ టునైట్". సింహాన్ని అడవిలో నిద్రపుచ్చాడు వైస్. సింహం ఉండేది అడవిలో కాదు, గడ్డిమైదానాల్లో. లిండా పాటలో అది నిద్రపోయేదీ కాదు, మంద మీదికొచ్చేది. నిద్ర అనే ఊహ ఎక్కడిదంటే, జూలూ రాజు షాకా చనిపోలేదు, సింహంలా నిద్రిస్తున్నాడన్న కథ ఒకటి సీగర్ ఈ పాటకు ముడిపెట్టి చెప్పేవాడు. ఆ కథ నీడే ఇంగ్లీషు పాట మీద పడి ఉంటుంది.

టోకెన్స్ పాట చెడ్డదని నేననను. సీగల్ గొంతు తేనెలా సాగుతుంది. నడుమ ఆనిటా డారియన్ అనే ఒపెరా గాయని మాటల్లేకుండా ఆకాశంలోంచి పలికినట్టు పలుకుతుంది. ప్లేటుకు అది రెండోవైపు పాట. అసలు పాటగా వేసింది "టీనా". ఓ రేడియో కుర్రాడు తిప్పి వేశాక జనం రెండోవైపునే అడిగారు. 1961 డిసెంబరులో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళి మూడు వారాలు అక్కడే ఉంది. రచయితల పేర్లు ముగ్గురివి: వైస్, పెరెటి, క్రియేటోర్. ఈసారి పాల్ క్యాంప్‌బెల్ కూడా లేడు.

తర్వాత ఎవరెవరు పాడారో చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. బ్రిటన్‌లో కార్ల్ డెన్వర్, ఫ్రెంచిలో ఆంరీ సల్వడోర్ 1962లోనే పాడేశారు. 1972లో రాబర్ట్ జాన్ అమెరికాలో మూడో స్థానానికి తీసుకెళ్ళాడు. 1982లో బ్రిటన్‌లో టైట్ ఫిట్ మొదటి స్థానంలో నిలిపింది. బ్రయన్ ఈనో పాడాడు. 1992లో ఆర్.ఇ.ఎం. బృందం తమ సొంత పాట ఒకదాన్ని దీని ఛాయలో కట్టుకుంది. నాకన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం మిరియం మకేబా పాడినది. జూలూ మాటలు, జూలూ ఊపు. మకేబా లిండా నగరం నుంచే వచ్చిన మనిషి. అది ఎవరి పాటో తెలిసి పాడింది.

1962 మే 19న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అధ్యక్షుడు కెనడీ పుట్టినరోజు సభ జరిగింది. మెరిలిన్ మన్రో పాడిన రాత్రిగా లోకానికి గుర్తు. ఆ రాత్రే మకేబా "ఎంబూబె" పాడింది. అప్పుడు జొహానెస్‌బర్గ్ శివారు సొవెటోలో లిండా మూత్రపిండాలు చెడిపోయి మంచాన పడ్డాడు. ఇల్లు మట్టి నేల, పేడతో అలికింది. ఆ ఏడాదే పోయాడు. బ్యాంకులో పాతిక డాలర్లు కూడా లేవు. సమాధి మీద రాయి వేయించడానికి కుటుంబానికి 18 ఏళ్ళు పట్టింది.

1994లో డిస్నీ "లయన్ కింగ్" వచ్చింది. ముంగిస జాతి టిమోన్, అడవిపంది పుంబా నడుస్తూ నడుస్తూ ఆ పాట పాడుకుంటాయి. అంతే, కొద్ది క్షణాలు. అది చాలు, కొత్త తరం పిల్లలందరికీ నోటికొచ్చేసింది. తర్వాత అది రంగస్థలం ఎక్కింది, క్యాసెట్లకూ సీడీలకూ ఎక్కింది. 2000లో "రోలింగ్ స్టోన్" పత్రికలో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా పాత్రికేయుడు ఈ పాట వెంట డబ్బు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పారిందో పట్టుదలగా తవ్వి రాశాడు. కోటిన్నర డాలర్లు సంపాదించి ఉంటుందని అతని అంచనా. సొవెటోలో లిండా కూతుళ్ళు ఎలా బతుకుతున్నారో కూడా ఆ వ్యాసంలో ఉంది.

ఆ వ్యాసం వచ్చాక డిస్నీ మీద కేసు వేయాలన్న మాట వచ్చింది. కానీ ఏ పట్టు మీద? లిండా హక్కులు అమ్మేశాడు. ఆయన భార్యా, తర్వాత కూతుళ్ళూ కాగితాల మీద సంతకాలు చేశారు. ఆ కాగితాలన్నీ దాటి వెళ్ళే దారిని ఓవెన్ డీన్ అనే న్యాయవాది పాత చట్టంలో పట్టుకున్నాడు. 1911 నాటి బ్రిటిష్ సామ్రాజ్య కాపీరైట్ చట్టం. రచయిత బతికుండగా హక్కులు ఎవరికి రాసిచ్చినా సరే, అతను పోయిన పాతికేళ్ళకు అవి వారసులకు తిరిగి వచ్చేయాలని అందులో ఒక నిబంధన ఉంది. బతికుండగా అవసరానికి తెగనమ్ముకున్న రచయిత పిల్లలు రోడ్డున పడకూడదని పెట్టింది. డికెన్స్ నిబంధన అని దాన్ని పిలుస్తారు. సామ్రాజ్యంలో ఉన్న దేశాలన్నిటికీ వర్తించింది. ఆ చట్టమే చిన్న మార్పులతో 1914లో మన దేశానికీ వచ్చి, 1957 చట్టం వచ్చేదాకా నడిచింది. మన పాత గ్రామఫోను కాలం చాలావరకు దాని నీడలోనే గడిచింది.

లిండా పోయింది 1962లో. పాతికేళ్ళు కలిపితే 1987. అంటే "లయన్ కింగ్" సినిమా తీసే నాటికే, బ్రిటిష్ సామ్రాజ్యం ఒకప్పుడు ఏలిన దేశాలన్నిటా ఆ పాట లిండా వారసులది.

డిస్నీ అమెరికా కంపెనీ, దాన్ని దక్షిణాఫ్రికా కోర్టుకు రప్పించాలంటే అక్కడ దానికి ఆస్తి ఏదన్నా ఉండాలి, దాన్ని జప్తు చేయాలి. భవనాలు లేవు. కానీ ట్రేడ్‌మార్కులున్నాయి. 2004లో ప్రిటోరియా హైకోర్టు అక్కడ రిజిస్టరై ఉన్న డిస్నీ ట్రేడ్‌మార్కుల్ని జప్తు చేసింది. రెండు వందలకు పైగా. మికీ మౌస్, డొనాల్డ్ డక్ కూడా అందులో ఉన్నాయి. సొవెటోలో అప్పటికి మిగిలిన ముగ్గురు కూతుళ్ళ తరఫున, పద్దెనిమిదేళ్ళు రాయి లేకుండా ఉన్న తండ్రి పేరుమీద, మికీ మౌస్ జప్తయింది.

తీర్పు దాకా పోలేదు. 2006 ఫిబ్రవరిలో, డిస్నీకి పాట వాడుకునే అనుమతి ఇచ్చిన అబిలీన్ మ్యూజిక్ కంపెనీతో రాజీ కుదిరింది. 1987 నుంచి రావాల్సిన బకాయిలు, ముందు ముందు వచ్చే వాటా లిండా వారసులకు. డబ్బు చూసుకోవడానికి ఒక ట్రస్టు. ఇవన్నీ కాక మరో షరతు: "ద లయన్ స్లీప్స్ టునైట్"కు సహ స్వరకర్తగా సాలమన్ లిండా పేరు వేయాలి.

రాజీ పత్రంలో డబ్బు కన్నా ముందు నా కన్ను పడింది ఆ షరతు మీద. పేరు వెతకడానికి న్యాయవాదులు, పాత్రికేయులు, హైకోర్టు అవసరమయ్యాయని చదువుతుంటే అదెక్కడో పోయిందనిపిస్తుంది. ఎక్కడికీ పోలేదు. మా మేనకోడలు హెడ్‌ఫోన్లు తీసి "ఎవరు పాడారు మామయ్యా?" అని అడిగినప్పుడు తెరమీద ఆ ప్లేటు బొమ్మ ఉంది. సీగర్ మళ్ళీ మళ్ళీ వేసుకుని విన్నదీ ఆ పాట ప్లేటునే. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ లేబుల్ చదివింది. పైన "ఎంబూబె" అని. దాని కింద, "సాలమన్ లిండాస్ ఒరిజినల్ ఈవెనింగ్ బర్డ్స్" అని.